పదకొండేళ్ళ కరాటే మీద రెండేళ్ళ ముయే థాయ్: తప్పు ఎవరిది?

సీతమ్మధార_షోటోకాన్ | శనివారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిక పట్టండి.

ఏడో తరగతిలో వైజాగ్‌లో కరాటే మొదలుపెట్టాను. ఆదివారం పొద్దున్నే స్కూలు గ్రౌండులో క్లాసు, షోటోకాన్ శైలి. పదకొండేళ్ళు చేశాను. బ్లాక్ బెల్ట్, రెండో డాన్ (అంటే బ్లాక్ బెల్ట్‌లో రెండో మెట్టు). కుమితేలో, అంటే ఇద్దరు తలపడే పోటీలో, జిల్లా స్థాయి మెడల్సు మూడు ఉన్నాయి (మా అమ్మ షోకేసులో, కొండపల్లి బొమ్మల పక్కన పెట్టింది). ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఆఫీసు దగ్గర ముయే థాయ్ (థాయ్‌లాండ్ బాక్సింగ్) జిమ్ కనిపిస్తే చేరాను.

నిన్న మొదటిసారి స్పారింగ్ (సాధన పోరు) పెట్టారు. ఎదుటి కుర్రాడు రెండేళ్ళ నుంచి నేర్చుకుంటున్నాడు, నాకంటే అయిదారు కిలోలు తక్కువ. మొదటి నిమిషం నాదే. దూరంగా నిలబడి, ఒక్క గెంతులో లోపలికి వెళ్ళి గ్యాకు జుకి (వెనక చేతి గుద్దు) వేసి బయటికి వచ్చేశా. రెండుసార్లు శుభ్రంగా తగిలింది. అలవాటుకొద్దీ, పాయింటు వచ్చినట్టు ఆగిపోయా. ఎవరూ ఆపలేదు. వాడు నా ముందు కాలి తొడ మీద ఒక కిక్ వేశాడు. మళ్ళీ అక్కడే. మళ్ళీ అక్కడే. నాలుగోదానికి ఆ కాలు నాది కాదు. ఇక దూరంగా ఉంటే లాభం లేదని మీదికి దూకితే మెడ పట్టుకున్నాడు. ఆ తరవాత గంగిరెద్దును ఆడించినట్టు ఆడించాడు.

ఇవాళ హాస్టల్ మెట్లు కూర్చుంటూ దిగాను.

తప్పు కరాటేదా, నాదా, నేర్చుకున్న పద్ధతిదా? "కరాటే వేస్ట్" అనదలుచుకున్నవాళ్ళు అనండి, కానీ పక్కనే ఒక కారణం కూడా రాయండి.

---

బెజవాడ_బుల్లెట్ | శనివారం, రాత్రి 10:55

కారణమే కదా, రాస్తా. మా స్కూలు యానివర్సరీకి కరాటే మాస్టారు పొట్ట మీద నుంచి బుల్లెట్ బండి పోనిచ్చేవారు. నుదుటితో పెంకులు పగలగొట్టేవారు. ఊరంతా చప్పట్లు. ఇప్పటిదాకా నా మీదికి బుల్లెట్ బండితో ఎవడూ ఫైటింగ్‌కి రాలేదు, పెంకు కూడా రాలేదు. వచ్చినవాడల్లా కాలరే పట్టుకున్నాడు.

---

ఓరుగల్లు_మోకాలు | శనివారం, రాత్రి 11:20

అన్నా, ముందుగాల ఐస్ పెట్టు. ఆ తొడను గట్టిగ పిసుకుడు, మసాజ్ గిట్ల జెయ్యకు రెండు మూడు దినాలు. కారణాలు తర్వాత.

నేను హన్మకొండల ఐదేండ్ల సంది ముయే థాయ్ చేస్తున్న. అంతకుముందు స్కూల్ల కరాటే చేసిన, బ్రౌన్ బెల్ట్ దాంక. రెండు దిక్కులా చూసినోన్ని కాబట్టి చెప్తున్న.

సంగతంత నీ నిలబడుడుల ఉన్నది. కుమితేల నువ్వు పక్కకు తిరిగి నిలబడ్తవు. ఎదుటోనికి నీ ఛాతి తక్కువ కనబడాలె, నీకు ఒక్క దుంకుల లోపటికి పోయే స్ప్రింగ్ ఉండాలె. అందుకే పాదాల నడుమ జాగ ఎక్కువ, మోకాళ్ళు ఒంగి ఉంటయి, ముంగటి కాలు మీద బరువు బాగ పడ్తది. ఆ తొడ మీద ఎవడన్న కొడితె మీ ఆటల పాయింట్ లేదు. పాయింట్ లేని కాడ ఎవడు కావలి పెడ్తడు చెప్పు.

థాయోడు నిటారుగ నిలబడ్తడు, ఛాతి చాన వరకు నీ దిక్కే ఉంటది. ముంగటి పాదం ఊకనే ఉండది, తాళం ఏసినట్టు లేస్త దిగుతనే ఉంటది. ఎందుకంటె కిక్ వస్తే ఆ మోకాలు లేపి షిన్ అడ్డం పెట్టాలె (షిన్ అంటె మోకాలి కింద ముంగట ఉండే బొక్క, తెల్వనోళ్ళ కోసం). భూమిల పాతిన కాలు టైముకు లేవది. నీది గదే అయింది.

కిక్కులు కూడ ఏరే. కరాటే మవాషి గెరి (పక్కకెల్లి తిప్పి కొట్టే కిక్) మోకాలు ముందు మడుస్తది, పాదంతోని చటుక్కున కొట్టి ఎనుకకు గుంజుకుంటది, పాము కాటేసినట్టు. థాయ్ కిక్కుకు గుంజుకునుడు లేదు. నడుము మొత్తం తిప్పి షిన్‌తోని నరుకుడే. తగలకుంటె కొట్టినోడే గిర్రున తిరిగి ఆగుతడు. పాము కాటుల యాస్ట ఉండది, గొడ్డలి ఏటుల దాపరికం ఉండది. ఏది గొప్ప అంటె నేను జెప్ప.

---

కుమితే_జడ్జి | ఆదివారం, ఉదయం 6:15

బుల్లెట్ గారూ, ప్రదర్శనకీ విద్యకీ తేడా ఉంది. రథయాత్ర ముందు కత్తిసాము చూసి యుద్ధాన్ని అంచనా వెయ్యం కదా.

ఇరవై ఏళ్ళుగా పోటీల్లో జెండా పట్టుకుంటున్నాను కాబట్టి ఒక మాట. అంతర్జాతీయ నియమాల్లో గుద్దుకి ఒక పాయింటు, ఒంటి మీద కిక్‌కి రెండు, తల మీద కిక్‌కి మూడు. దెబ్బ తగిలిందని కాదు, తగలగలిగేదని తెలిస్తే చాలు. పూర్తి వేగంతో వచ్చిన పిడికిలిని చర్మం దగ్గర ఆపాలి. అలా ఆపగలగడానికి ఏళ్ళు పడుతుంది. తమ్ముడు మొదటి నిమిషంలో రెండు గుద్దులు ఎలా వేశాడు? ఎదుటివాడు పీల్చిన ఊపిరి వదిలేలోపు లోపలికి వెళ్ళి వచ్చాడు. ఆ రెండు గుద్దుల గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడరేం?

---

బెజవాడ_బుల్లెట్ | ఆదివారం, ఉదయం 9:02

జడ్జి గారూ, మరి టోక్యో ఒలింపిక్స్ ఫైనల్ సంగతేంటండీ? 75 కిలోల పైబడిన విభాగం. సౌదీ కుర్రాడు హమేదీ 4-1తో ముందున్నాడు. తల మీద ఒక్క కిక్ వేశాడు. ఇరాన్ గంజ్‌జాదే అక్కడికక్కడే వాలిపోయాడు, స్ట్రెచర్ మీద తీసుకెళ్ళారు. మామూలు ప్రపంచంలో దీన్ని గెలవడం అంటారు. అక్కడ మాత్రం మరీ గట్టిగా కొట్టాడని హమేదీని డిస్‌క్వాలిఫై చేసి, స్ట్రెచర్ ఎక్కినాయనకి గోల్డ్ ఇచ్చారు. ఫైటింగులో స్పృహ తప్పితే బంగారం!

---

కుమితే_జడ్జి | ఆదివారం, ఉదయం 9:40

నియమం నియమమే. 2021 ఆగస్టులో బుడోకాన్‌లో అది చూసి నా కడుపు కూడా తరుక్కుపోయింది, దాచను. కానీ ఆ కుర్రాడికి ముందే తెలుసు, ఏ ఆటకి సంతకం పెట్టాడో. ఇంకో మాట, కరాటే అంతా ఇదే కాదు. మసుతాత్సు ఒయామా పెట్టిన క్యోకుషిన్‌లో దెబ్బ నిజంగానే పడుతుంది. తొడలు కమిలిపోయేలా కొట్టుకుంటారు. అయితే చేత్తో ముఖం మీద కొట్టకూడదు.

---

ఓరుగల్లు_మోకాలు | ఆదివారం, ఉదయం 10:11

గదే సమస్య సార్. ముఖానికి గుద్దు లేదు కాబట్టి వాళ్ళు ఛాతికి ఛాతి ఆనిచ్చి, చేతులు కిందికేసి కొట్లాడ్తరు. మా జిమ్ముకు ఒకాయన వచ్చిండు, తొడ మీద ఎన్ని ఏసినా నవ్వుతడు, రాయి. ముక్కు మీద చిన్న జాబ్ (ముంగటి చేతి గుద్దు) పడంగనే కండ్లల్ల నీళ్ళు.

---

నాగావళి_నుంచి_నహా | ఆదివారం, మధ్యాహ్నం 1:30

మాది శ్రీకాకుళం వైపు, ఇప్పుడు పని మీద జపాన్ దక్షిణాన ఒకినావా దీవిలో ఉంటున్నాను. ఇక్కడ గోజు-ర్యు శైలి నేర్చుకుంటూ మూడేళ్ళయింది. మీరంతా "కరాటే" అంటూ మాట్లాడుతున్నది కరాటేకి మనవడు. తాత ఇక్కడ ఉన్నాడు, వేరేగా ఉంటాడు.

మా సెన్సేకి (గురువుగారికి) డెబ్బై దాటాయి. మొదటి ఆరునెలలు ఆయన నాకు గెంతడం నేర్పలేదు. ముంజేతులు ఆనించి నిలబడడం నేర్పారు. కాకిఎ అంటారు. ఇద్దరూ మణికట్లు కలిపి, తిరగలి తిప్పినట్టు నెట్టుకుంటూ లాక్కుంటూ, ఎదుటివాళ్ళ బరువు ఎటు పోతోందో చర్మంతోనే పసిగట్టాలి. సందు దొరికిందా, పట్టి గుంజి కొట్టడమే. మధ్యలో మూరెడు దూరం కూడా ఉండదు.

సీతమ్మధార గారూ, మీకు హికితే తెలుసు కదా, గుద్దేటప్పుడు రెండో చెయ్యి నడుం దగ్గరికి లాక్కోవడం. ఎందుకని అడిగితే మీ మాస్టారు ఏం చెప్పారు? మా ఊళ్ళో అయితే "పవర్ కోసం" అన్నారు. ఇక్కడ ఆ చేతిలో ఎదుటివాడి చెయ్యి ఉంటుంది. వాణ్ణి మీదికి లాగుతూ కొట్టాలి. ఖాళీ చెయ్యి లాక్కోవడం బొక్కెన కట్టని చేంతాడు చేదుకున్నట్టే.

మరి దగ్గర పోరు దూరం పోరు ఎప్పుడయింది? నాకు తెలిసినంతలో మూడు మెట్లు. 1901 ప్రాంతంలో ఇతోసు అంకో అనే గురువు ఇక్కడి బడుల్లో కరాటే ప్రవేశపెట్టారు. ఒకేసారి వరసల్లో నిలబెట్టి వందమంది పిల్లలకి నేర్పాలి. పట్లు, మెడ విరుపులు పిల్లలకి నేర్పుతారా? డ్రిల్ మిగిలింది. మీరు హెయాన్ అని చేసే కటాలు (ఒంటరిగా చేసే కదలికల వరసలు) ఆయన కూర్చినవే, ఇక్కడ పినాన్ అంటాం. తరవాత 1922లో ఫునకోషి గిచిన్ టోక్యో వెళ్ళి ప్రదర్శన ఇచ్చారు. జూడో స్థాపకుడు కానో జిగోరో ఆదరించారు. తెల్ల బట్టలు, రంగు బెల్టులు జూడో నుంచి వచ్చినవే. ఫునకోషికి పోటీలంటే గిట్టదు, ఆయనకి కటాయే కరాటే. ఆయన 1957 ఏప్రిల్‌లో పోయారు. జపాన్ కరాటే అసోసియేషన్ మొదటి అఖిల జపాన్ పోటీలు అదే ఏడాది జరిగాయి. అంటే మీ పాయింట్ల ఆటకి ఇంకా డెబ్బై ఏళ్ళు నిండలేదు. మా సెన్సే కంటే చిన్నది.

ఆ రోజుల్లోనే ఇంకో ఒకినావా ఆయన, మొతోబు చోకి. వీధి తగాదాల్లో ఆరితేరినవాడు. యాభై దాటాక క్యోటోలో ఒక విదేశీ బాక్సర్‌ని పడగొట్టాడు. 1925లో ‘కింగు’ పత్రిక ఆ కథ వేస్తూ బొమ్మలో మాత్రం ఫునకోషి ముఖం వేసింది! ఆ ఇద్దరికీ అసలే పడదు. మొతోబు జీవితమంతా నమ్ముకున్న కటా నైహాంచి. మీ షోటోకాన్‌లో టెక్కీ అంటారు. పక్కలకే నడుస్తుంది, గోడకి ఆనుకుని కొట్లాడినట్టు. అది మెడ పట్టుకునేంత దగ్గరలో వాడేది. మీకు వచ్చిన విద్యే, వాడే చోటు మీకు చెప్పలేదు.

---

సీతమ్మధార_షోటోకాన్ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

టెక్కీ షోదన్ నేను కొన్ని వేలసార్లు చేసుంటాను. బ్రౌన్ బెల్ట్ పరీక్షలో అదే అడిగారు. అది ఎవరి మీద వాడాలో ఎప్పుడూ అడగలేదు. అడిగితే పుషప్స్ పడేవి.

---

బ్యాంకాక్_బాబాయ్ | ఆదివారం, సాయంత్రం 7:48

హోటల్ పని మీద బ్యాంకాక్ వచ్చి పన్నెండేళ్ళయింది. నాకు ఏ పోరు విద్యా రాదు, నేను కొట్టనూ లేను. చూడ్డం మాత్రం వచ్చు. రాజదమ్నెన్ స్టేడియంలో గ్యాలరీలో కూర్చుని చూసిన రాత్రులకి లెక్కలేదు.

మన వాళ్ళు వచ్చినప్పుడు తీసుకెళ్తా. మొదటి రెండు రౌండ్లకే విసుగొస్తుంది వాళ్ళకి. "ఇదేంటి బాబాయ్, తడుముకుంటున్నారు" అంటారు. మొత్తం అయిదు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు, మధ్యలో రెండేసి నిమిషాల విరామం. మొదటి రెండూ రుచి చూసుకోవడమే. ఆ టైములో పైన గ్యాలరీలో చేతివేళ్ళతో సైగలు చేస్తూ పందేలు కాస్తుంటారు, మన కోడిపందేల బరి దగ్గర ఉన్నట్టే ఉంటుంది కేక. పక్కన సన్నాయి లాంటి వాద్యం, డప్పులు, తాళాలు. మూడో రౌండులో ఆ వాయిద్యం వేగం పెరుగుతుంది, అప్పుడు మొదలవుతుంది అసలు కథ. మూడు, నాలుగు రౌండ్లలోనే గెలుపు. అయిదో రౌండుకి ఎవరు గెలిచారో ఇద్దరికీ తెలిసిపోతే, చాలాసార్లు గెలిచినవాడు వెనక్కి జరుగుతూ టీప్‌తో, అంటే పాదంతో నెట్టుతూ, కాలక్షేపం చేస్తాడు. వచ్చే నెల మళ్ళీ ఫైట్ ఉంటుంది, ఒళ్ళు దాచుకోవాలి కదా.

ఇక మార్కులు. ఇక్కడ గుద్దుకి విలువ తక్కువ. నడుం పైన తగిలిన షిన్ కిక్‌కి, క్లించ్‌లో (మెడ పట్టులో) మోకాలికి ఎక్కువ. కొట్టించుకున్నవాడు తూలాడా, నిటారుగా ఉన్నాడా అన్నది చూస్తారు. కాలు పట్టుకుని పడగొడితే ఇల్లంతా లేచి అరుస్తుంది. అందుకే థాయ్ బాక్సరు ముఖం మీద దెబ్బ తిన్నా "నాకేం కాలేదు" అన్నట్టు నవ్వుతాడు. అది పొగరు కాదు, జడ్జికి చెప్పుకోవడం.

ఏది లెక్కలోకి వస్తుందో ఒళ్ళు అదే నేర్చుకుంటుంది. బాబూ, నువ్వు రెండు గుద్దులు వేసి ఆగావు చూడు, నీ ఒళ్ళు నీకు నేర్పిన లెక్క ప్రకారం నువ్వు అప్పటికే గెలిచావు. వాడి ఒంటి లెక్కలో ఆట ఇంకా మొదలే కాలేదు.

పోతే ఒక చిక్కు. ఇక్కడి స్టేడియంలో తొడ మీద కిక్‌కి పెద్దగా మార్కులు పడవు, ఎదుటివాడు కుంటితే తప్ప. పదే పదే తొడ మీదే కొట్టడం థాయ్ స్టేడియం అలవాటు కాదు. గుద్దులు వేసి ఆఖరున "లో కిక్"తో, అంటే కాలి మీద కిక్‌తో, ముగించడం డచ్చి వాళ్ళ అలవాటు. మీ కోచ్ ఎక్కడ నేర్చుకున్నాడో కనుక్కో.

---

కుమితే_జడ్జి | ఆదివారం, రాత్రి 8:30

బాబాయ్ గారు తలుపు తీశారు కాబట్టి నేను లోపలికి వస్తా. డచ్చి వాళ్ళకి ఆ లో కిక్ ఎక్కడిది?

1960ల మొదట్లో ఒయామా డోజో (సాధనశాల) నుంచి ముగ్గురు జపాన్ వాళ్ళు బ్యాంకాక్ లుంపినీ స్టేడియానికి వెళ్ళి థాయ్ బాక్సర్లతో తలపడ్డారు. నకమురా, ఫుజిహిరా ఇద్దరూ నాకౌట్ చేసి గెలిచారు. మూడో ఆయన కురోసాకి కెంజి. అప్పటికే నేర్పే మాస్టారు, పోటీ వయసు కాదు. మోచేతి దెబ్బకి ఓడిపోయాడు. జపాన్ 2-1 అని కరాటే వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కురోసాకి మాత్రం ఆ ఒకటి మర్చిపోలేదు. తిరిగొచ్చి థాయ్ పద్ధతిని క్షుణ్ణంగా చదివాడు. 1966లో నోగుచి ఒసాము జపాన్‌లో కిక్‌బాక్సింగ్ పేరుతో పోటీలు పెట్టాక, కురోసాకి టోక్యోలో మెజిరో జిమ్ తెరిచాడు. ఆయన శిష్యుడు ఫుజివారా తోషియో 1978లో రాజదమ్నెన్ బెల్ట్ గెలిచాడు. థాయ్ కానివాడు ఆ బెల్ట్ గెలవడం అదే మొదలు. కురోసాకి దగ్గరికే హాలండ్ కుర్రాళ్ళు వచ్చి నేర్చుకుని, ఆమ్‌స్టర్‌డామ్‌లో మళ్ళీ మెజిరో జిమ్ అనే పేరే పెట్టారు. వాళ్ళల్లో చాలామంది అప్పటికే క్యోకుషిన్ చేసినవాళ్ళు.

సీతమ్మధార తమ్ముడూ, నీ తొడ మీద పడింది సగం కరాటేనే అయి ఉండొచ్చు.

---

బెజవాడ_బుల్లెట్ | ఆదివారం, రాత్రి 8:41

జడ్జి గారూ, ఓడినా మీరే, కొట్టినా మీరే!

(కథ మాత్రం బాగుంది. ఒప్పుకుంటున్నా.)

---

అష్టభుజి | ఆదివారం, రాత్రి 10:15

మచీదా పేరు ఎవరూ ఎత్తలేదేంటి? లియోటో మచీదా, బ్రెజిల్ వాడు, జపాన్ తండ్రి దగ్గర చిన్నప్పటి నుంచి షోటోకాన్. 2009 మేలో యూఎఫ్‌సీలో (అన్ని విద్యలూ కలిపి కొట్లాడే పోటీలు) లైట్ హెవీవెయిట్ చాంపియన్ అయ్యాడు. సీతమ్మధార గారు మొదటి నిమిషంలో ఆడిన ఆటే ఆయనది. దూరంగా ఉండి, ఎదుటివాడు అడుగు వెయ్యగానే ఆ అడుగులోకి దూరి కొట్టడం. ఏళ్ళ తరబడి ఎవరికీ అంతుపట్టలేదు.

అంతుపట్టింది మారిసియో షోగున్‌కి. బ్రెజిల్ ముయే థాయ్ జిమ్ నుంచి వచ్చినవాడు. 2009 అక్టోబరులో యూఎఫ్‌సీ 104. తలకోసం వెంటపడలేదు. మచీదా లోపలికి దూకి బయటికి పోతున్నప్పుడల్లా, పోయే కాలి మీద, డొక్కలో కిక్ వేశాడు. అయిదు రౌండ్లూ అదే పని. ముగ్గురు జడ్జీలూ 48-47తో మచీదాకే ఇచ్చారు, జనం ఈలలు వేసి గోల చేశారు. ఆరున్నర నెలల తరవాత, 2010 మేలో మళ్ళీ పెట్టారు. ఈసారి షోగున్ మొదటి రౌండులోనే నాకౌట్ చేశాడు.

నా ఉద్దేశంలో మీ జిమ్ కుర్రాడు మీకు యూఎఫ్‌సీ 104 చిన్న సైజులో చూపించాడు. గెంతుకి వెళ్ళే దారి ఉంది, వచ్చే దారి ఉంది. కరాటే పోటీలో వచ్చే దారికి కాపలా అక్కర్లేదు, రిఫరీ "యామే" అని ఆపేస్తాడు కాబట్టి.

---

ఓరుగల్లు_మోకాలు | ఆదివారం, రాత్రి 10:37

గా ఆఖరి మాట రాసిపెట్టుకోవాలె. వచ్చే దారి.

---

ఇద్దరు_పిల్లల_అమ్మ | సోమవారం, ఉదయం 11:20

మధ్యలో అడుగుతున్నందుకు ఏమనుకోకండి. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. అపార్ట్‌మెంట్‌లో కరాటే క్లాసు ఉంది, కొంచెం దూరంలో ముయే థాయ్. పై చర్చ అంతా చదివాక ఇంకా అయోమయంగా ఉంది. దేనికి పంపను?

---

బ్యాంకాక్_బాబాయ్ | సోమవారం, మధ్యాహ్నం 12:02

అమ్మా, ఇక్కడ ఇసాన్ ప్రాంతపు పల్లెల్లో ఎనిమిది, తొమ్మిదేళ్ళ పిల్లలు రింగ్ ఎక్కుతారు. ఆ డబ్బు ఇంటికి పోతుంది. చూసి మెచ్చుకునే సంగతి కాదది. 2018లో పదమూడేళ్ళ పిల్లవాడు తల మీద దెబ్బలకి చనిపోతే దేశమంతా గొడవైంది. అలాగని ముయే థాయ్ నేర్పకూడదని కాదు. ప్యాడ్ల మీద కొట్టడం, క్లించ్‌లో తోసుకోవడం, రింగ్ ఎక్కే ముందు గురువుకి దణ్ణం పెట్టే వాయి క్రూ, ఇవన్నీ పిల్లలకి బాగుంటాయి. తల మీద కొట్టే స్పారింగ్ ఇప్పుడే పెట్టం అని కోచ్ నోటితో చెప్పించుకోండి. చెప్పకపోతే చెప్పులు వేసుకుని వచ్చెయ్యండి.

---

నాగావళి_నుంచి_నహా | సోమవారం, మధ్యాహ్నం 12:25

కరాటే క్లాసులో అయితే బెల్ట్ పరీక్ష ఫీజు ఎంతో, ఏడాదికి ఎన్ని పరీక్షలో ముందే అడగండి. మూడు నెలలకో రంగు మారుస్తుంటే అది బట్టల కొట్టు. ఒకరోజు గోడ దగ్గర కూర్చుని క్లాసు చూడండి. పిల్లలు ఒకరినొకరు ముట్టుకోకుండా గంట గడిచిపోతే ఆలోచించుకోండి.

---

కర్రసాము_కిట్టయ్య | సోమవారం, సాయంత్రం 5:50

జపాను, థాయిలాండు అంటూ ఊరేగుతున్నారు. మా తాత కర్రసాము చేస్తే చుట్టూ నలుగురు రాళ్ళు వేసినా ఒంటికి తగిలేది కాదు. సంక్రాంతికి చెరువు గట్టు మీద చూడాలి. దాని గురించి ఎవడూ మాట్లాడడు.

---

నిర్వాహకుడు | సోమవారం, సాయంత్రం 6:10

కిట్టయ్య గారూ, నిజంగానే మంచి సంగతి. దానికి వేరే చర్చ తెరవండి, తాతగారి అడుగుల వరస గుర్తున్నంత రాయండి. ఇక్కడ కరాటే, ముయే థాయ్‌లకే పరిమితం అవుదాం. ముయే థాయ్ థాయ్‌లాండ్‌దా, కంబోడియాదా అన్న తగువు కూడా ఇక్కడ వద్దు. 2023 ఆగ్నేయాసియా క్రీడల్లో కంబోడియా దాన్ని "కున్ ఖ్మేర్" పేరుతో పెడితే థాయ్‌లాండ్ ఆ పోటీకి రానే లేదు. దేశాలే తేల్చుకోలేనిది మనం తేల్చలేం.

---

సీతమ్మధార_షోటోకాన్ | మూడు వారాల తరవాత, ఆదివారం, రాత్రి 9:15

అందరికీ బాకీ ఉన్నాను, అందుకే వచ్చా.

మొదట కోచ్‌ని అడిగాను. బాబాయ్ గారి అంచనా కరెక్టు. ఆయన నేర్చుకున్నది పుణేలో, డచ్చి పద్ధతి కిక్‌బాక్సింగ్. ముయే థాయ్ తరవాత కలుపుకున్నారట. బోర్డు మీద మాత్రం ముయే థాయ్ అనే ఉంటుంది.

రెండు వారాలు స్పారింగ్ మానేసి మోకాలు లేపడం ఒక్కటే చేశాను. సోమవారం నుంచి శనివారం దాకా, గోడకి ఎదురుగా. కటా చేసిన ఒంటికి ఒకే పని వేలసార్లు చెయ్యడం కష్టం కాదు. అక్కడ మాత్రం నేను మిగతావాళ్ళకంటే ముందున్నానని కోచే అన్నారు. పాదాల మధ్య దూరం ఒక అడుగు తగ్గించాను. తగ్గిస్తే నా గెంతు పొట్టిదైపోయింది. ఇది ఎవరూ చెప్పలేదు, రెండూ ఒకేసారి దక్కవు. కాలు కాపాడుకుంటే వేగం పోతోంది, వేగం కావాలంటే కాలు ఇవ్వాలి. ప్రస్తుతానికి మధ్యలో ఎక్కడో నిలబడుతున్నాను, అదీ ఇదీ కాకుండా.

మొన్న శుక్రవారం అదే కుర్రాడితో మళ్ళీ. మొదటి లో కిక్‌కి షిన్ అడ్డం పెట్టా. ఎముకకి ఎముక. ఇద్దరం ఒకేసారి "అమ్మా" అన్నాం, కోచ్ నవ్వాడు. రెండోసారి వాడు కిక్ కోసం కాలు ఎత్తబోతుంటే మాయె గెరి (ఎదురుగా వేసే కరాటే కిక్) వేశాను, పొట్టలో దిగింది. అది నా పాత కిక్కే, పదకొండేళ్ళది. టీప్ నెట్టుతుంది, మాయె గెరి గుచ్చుతుంది. వాడికి నెట్టుడు అలవాటే, గుచ్చుడు కొత్త. వంగిపోయాడు. అక్కడ ఆగలేదు, ఒట్టు. ఇంకో రెండు వేసి పక్కకి వచ్చా. నేరుగా వెనక్కి రాలేదు, అష్టభుజి గారూ.

క్లించ్‌లో మాత్రం మళ్ళీ గంగిరెద్దునే. నాగావళి గారు చెప్పినట్టు టెక్కీలో లాగి మోచేత్తో కొట్టే కదలిక గుర్తుచేసుకుని, వాడి చెయ్యి నడుం దగ్గరికి లాగి చూశా. ఒకసారి కుదిరింది. వాడి మెడ పట్టు ఊడింది. రెండోసారి లాగుతుంటే మోకాలు డొక్కలో దిగింది. నా చేతులు రెండూ వాడి ఒక్క చెయ్యి మీదే ఉంటే ఇంకేం అడ్డం పెడతాను.

నిన్న రాత్రి మా మాస్టారికి ఫోన్ చేశాను. చెప్పాలా వద్దా అని వారం ఆలోచించి. వేరేచోట నేర్చుకుంటున్నానంటే నొచ్చుకుంటారేమోనని. అంతా విన్నారు. కాసేపు ఏమీ అనలేదు. తరవాత "మోకాలు ఎత్తి ఆపుతున్నావు సరే, దెబ్బ తగిలాక ఆ కాలు ఎక్కడ దించుతున్నావు?" అని అడిగారు. నేను దాని గురించి ఆలోచించనే లేదు. ముందుకు దించి అక్కడి నుంచే గ్యాకు జుకి వెయ్యమన్నారు. ఇన్నేళ్ళూ లో కిక్ ఊసే ఎత్తని మనిషి! ఎలా తెలుసండీ అంటే, 1980ల్లో క్యోకుషిన్ వాళ్ళతో కొట్టించుకున్నాట్ట. "మీకెందుకు నేర్పలేదంటే, మీ అమ్మానాన్నలు ఒప్పుకోరు. కుంటుకుంటూ ఇంటికి వెళ్తే మర్నాడు క్లాసుకి ఎవడు పంపిస్తాడ్రా" అన్నారు.

వచ్చే ఆదివారం రమ్మన్నారు. షిన్ ప్యాడ్లు రెండు జతలు పట్టుకురమ్మన్నారు, డబ్బులు ఇస్తారట. శుక్రవారం రాత్రి రైలుకి చూస్తున్నా.

---

కుమితే_జడ్జి | ఆదివారం, రాత్రి 9:33

మీ మాస్టారి మీద నాకు ఇప్పుడు అసూయగా ఉంది. ప్యాడ్లు దళసరివి తీసుకో, సన్నవి నెలకి చిరుగుతాయి.

---

ఓరుగల్లు_మోకాలు | ఆదివారం, రాత్రి 9:50

అన్నా, గోదావరి ఎక్స్‌ప్రెస్‌కేనా? లోయర్ బెర్త్ తీస్కో. అప్పర్ ఎక్కుడు ఇంక నీతోని కాదు.